ఒక బొమ్మ, నలభై జతల కళ్లు

హైస్కూల్లో డ్రాయింగ్ పీరియడ్ అయ్యాక పిల్లలు గీసిన బొమ్మలు ఏమవుతాయి? మాస్టారు టిక్కు పెట్టి సంతకం చేస్తారు, పుస్తకం సంచిలోకి పోతుంది. బాగా గీసే ఇద్దరు ముగ్గురి బొమ్మలు నోటీసు బోర్డు ఎక్కుతాయి. మిగతావాళ్లు ఏం గీశారో, అలా ఎందుకు గీశారో పక్క బెంచీవాడికి కూడా తెలియదు. లెక్క తప్పయితే బోర్డు మీద అందరి ముందూ దిద్దుతారు. పద్యం అప్పజెబితే క్లాసంతా వింటుంది. బొమ్మ ఒక్కటే గీసినవాడికీ మాస్టారికీ మధ్య గుట్టుగా ఉండిపోతుంది.

ఈ గుట్టు విప్పడానికి చాలా దేశాల హైస్కూళ్లలో ఆర్ట్ టీచర్లు కొన్నేళ్లుగా ఇంటర్నెట్‌ను వాడుకుంటున్నారు. క్లాసు మొత్తం ఒకేసారి ఒకే పేజీ మీద పనిచేయగలిగే గూగుల్ స్లైడ్స్, ప్యాడ్‌లెట్, కాన్వా, ఫిగ్‌జామ్ వంటివి వాళ్ల పనిముట్లు. ఈ మాట వినగానే కుంచెలు అటక మీద పడేసి పిల్లలతో మౌస్ పట్టి బొమ్మలు వేయిస్తారేమోనని చాలామంది బెంగపడతారు. నిజానికి ఈ క్లాసుల్లోనూ బొమ్మ చాలావరకు కాగితం మీదే, చేతికి రంగు అంటుకుంటూనే పుడుతుంది. గీసినదాన్ని నలుగురూ చూడటం, చూసి మాట్లాడుకోవడం, ఒకరు మొదలుపెట్టింది ఇంకొకరు అందుకోవడం మాత్రం తెర మీదికి మారాయి.

కలిసి బొమ్మ వేయడం కంప్యూటర్లు వచ్చాక పుట్టిన సరదా కాదు. 1925 ప్రాంతంలో ప్యారిస్‌లో ఆండ్రే బ్రెటన్, ఈవ్ టాంగీ, జాక్ ప్రెవెర్ వంటి సర్రియలిస్టులు ఒక ఆట మొదలుపెట్టారు. ముందు మాటలతో ఆడి, తరువాత బొమ్మల్లోకి దిగారు. కాగితాన్ని మూడు నాలుగు మడతలు పెడతారు. మొదటి మనిషి పై మడతలో తల గీసి, మెడ గీతల కొసలు మాత్రం కింది మడతలోకి కాస్త జారేలా వదిలి, తల కనబడకుండా మడిచి ఇస్తాడు. రెండో మనిషి ఆ కొసలు పట్టుకుని ఒళ్లు గీస్తాడు, మూడో మనిషి కాళ్లు. చివర్లో మడతలు విప్పితే ఎవరూ ఊహించని వింత జీవి లేచి నిలబడుతుంది. ‘ఎక్స్‌క్విజిట్ కార్ప్స్’ అనే ఈ ఆట ఇవాళ ప్రపంచమంతటా ఆర్ట్ క్లాసుల్లో ఉంది. ఆన్‌లైన్‌లోకి బాగా ఇమిడిన ఆటల్లో ఇదొకటి.

దీన్ని క్లాసులో ఆడించే పద్ధతి తేలిక. టీచరు గూగుల్ స్లైడ్స్‌లో ఒక ఫైలు తెరిచి, ముగ్గురేసి పిల్లలకు మూడు పేజీలు ఇస్తారు. పేజీ అంచుల మీద కొలతపెట్టి రెండు చిన్న చుక్కలు ఉంటాయి. మెడ గీతలు, నడుము గీతలు ఆ చుక్కల దగ్గరే ఆగాలి. పిల్లలు అదే కొలతకు కాగితం కోసుకుని గీసి, రంగులేసి, ఫొటో తీసి తమ పేజీలో పెడతారు. ఆఖర్న మూడింటినీ ఒకదాని కింద ఒకటి చేరిస్తే ఒకరి గేదె తలకు మరొకరి ఆటో నడుము, దాని కింద ఇంకొకరి కొంగ కాళ్లు అతుక్కుని కూర్చుంటాయి. ‘నాకు బొమ్మలు రావు’ అని వెనక బెంచీలో నక్కే పిల్లకు ఇక్కడ గీయాల్సింది కాళ్లు మాత్రమే, పైగా అవి లేకపోతే బొమ్మ నిలబడదు. పొరపాటున ఎవరైనా పక్కవాడి పేజీ చెరిపేసినా భయం లేదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ ఫైలు గుర్తుపెట్టుకుంటుంది, పాతది వెనక్కి తెచ్చుకోవచ్చు. ముగ్గురూ ఒకే ఊళ్లో ఉండనక్కర్లేదు కూడా.

ఈ దారిలో టీచర్ల కంటే ముందు నడిచినవాళ్లు కళాకారులే. అమెరికాలో మిరాండా జులై, హ్యారెల్ ఫ్లెచర్ అనే ఇద్దరు 2002లో ‘లర్నింగ్ టు లవ్ యూ మోర్’ అనే వెబ్‌సైట్ పెట్టి, జనానికి ఇంటిపని ఇచ్చినట్టు చిన్న చిన్న కళాభ్యాసాలు ఇచ్చారు. 2009లో ముగిసేనాటికి అలాంటివి 70 దాకా అయ్యాయి, 8,000 మందికి పైగా చేసి పంపారు. శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియం ఆ వెబ్‌సైట్‌ను తన సేకరణలో చేర్చుకుంది. 2014లో సారా యూరిస్ట్ గ్రీన్ మొదలుపెట్టిన ‘ది ఆర్ట్ అసైన్‌మెంట్’ వీడియోలు కూడా పేరున్న కళాకారుల చేత ఇలాంటి అభ్యాసాలే ఇప్పించాయి.

2010 నాటి ‘జానీ క్యాష్ ప్రాజెక్ట్’ మాత్రం హైస్కూలు క్లాసుకు కొలిచి కుట్టినట్టు ఉంటుంది. గాయకుడు జానీ క్యాష్ చనిపోయాక వచ్చిన ఒక పాటకు క్రిస్ మిల్క్, ఆరన్ కోబ్లిన్ అనే ఇద్దరు వీడియో తయారుచేయిస్తూ దాన్ని ఫ్రేములుగా విడగొట్టి అభిమానుల ముందు పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కో ఫ్రేమును తమ తీరులో గీసి పంపారు. అన్నిటినీ వరుసగా ఆడిస్తే ఒకే మనిషి వేల చేతుల్లో కదిలినట్టు కనిపించాడు.

క్లాసులో ఇది చేయాలంటే పది సెకన్ల వీడియో చాలు. కోలాటమో, తాడాటలో ఎగిరే పిల్లో, మగ్గం మీద నాడె అటూ ఇటూ పరిగెత్తడమో ఫోన్లో తీయాలి. సెకనుకు 12 ఫ్రేముల లెక్కన 120 బొమ్మలు వస్తాయి. నలభై మంది క్లాసులో మనిషికి మూడు. వాటిని లేత ముద్రణ తీసి ఇస్తే ఆ గీతల మీదే ఒకరు బొగ్గుతో, ఒకరు నీటి రంగులతో, ఇంకొకరు పాత పత్రికల ముక్కలు అంటించి నింపుతారు. ఫొటోలకు 001 నుంచి 120 వరకు నంబర్లు వేసి అందరికీ తెరిచి ఉన్న ఒకే ఫోల్డర్‌లో పెట్టాలి. ఇక్కడే పిల్లలకు అసలు పాఠం మొదలవుతుంది. 57వ బొమ్మ రాకపోతే కదలిక అక్కడ తెగుతుంది. దాన్ని గీయాల్సినవాడిని టీచరు అడగక్కర్లేదు, 56, 58 గీసినవాళ్లే వెతుక్కుంటూ వెళ్తారు. మామూలు డ్రాయింగ్ పీరియడ్‌లో ఒకడి బొమ్మ కోసం ఇంకొకడు ఎదురుచూడటం ఎప్పుడైనా జరుగుతుందా?

ఇలా కలిసి గీయడం ఒక ఎత్తు, గీసినదాని గురించి మాట్లాడటం ఒక ఎత్తు. నిజానికి ఆర్ట్ క్లాసులో రెండోదే కష్టం. పిల్లల బొమ్మలు ప్యాడ్‌లెట్ గోడ మీద పెట్టి అభిప్రాయం రాయమంటే మొదటి రోజు వచ్చేవి ‘సూపర్’, ‘బాగుంది’, ఒక చప్పట్ల గుర్తు. స్నేహితుడి బొమ్మకు పది, మిగతావాటికి సున్నా. సాధనం ఇచ్చినంత మాత్రాన మాట రాదు, మాటను నేర్పాలి.

దానికి మంచి పద్ధతులు ముందే ఉన్నాయి. అమెరికా కళా విద్యావేత్త ఎడ్మండ్ ఫెల్డ్‌మన్ బొమ్మను చూడటాన్ని నాలుగు మెట్లుగా విడగొట్టాడు. ముందు కంటికి ఏం కనిపిస్తోందో చెప్పాలి. తరువాత గీతలు, రంగులు, ఖాళీలు ఎలా కుదిరాయో చూడాలి. ఆపైన దాని భావం ఏమిటో ఆలోచించాలి. బాగుందో లేదో చెప్పడం ఆఖరి మెట్టు. మన పిల్లలు, ఆ మాటకొస్తే పెద్దలు కూడా, నాలుగో మెట్టు మీదే మొదలవుతారు.

రాన్ బెర్గర్ అనే అమెరికన్ టీచరు చెప్పే సూత్రం ఇంకా సులువు. మాట దయగా ఉండాలి, ఫలానా చోట అని చెప్పేదై ఉండాలి, గీసినవాడికి పనికొచ్చేదై ఉండాలి. ఆయన చూపించే ఒక ఉదాహరణ టీచర్లలో చాలా ప్రసిద్ధం. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఒకటో తరగతి బాబు ఫొటో చూసి సీతాకోకచిలుకను గీశాడు. మొదటి బొమ్మ ఆ వయసు పిల్లలు ఎవరైనా గీసేలాగే ఉంది. తోటి పిల్లలు ముందు రెక్కల ఆకారం గురించి చెప్పారు, తరువాత వాటి మీది చారల గురించి. ప్రతిసారీ మళ్లీ గీశాడు. ఆరో బొమ్మ దగ్గరికొచ్చేసరికి అది శాస్త్ర పుస్తకంలో వేసుకోదగ్గ చిత్రమైంది. ఆరేళ్లవాడితో తోటి పిల్లలు ఆ పని చేయించగలిగితే తొమ్మిదో తరగతివాళ్లు ఎంత చేయగలరో ఊహించవచ్చు.

ఆన్‌లైన్ ఇక్కడ చేసే మేలు ఏమిటంటే, మాటను బొమ్మలో ఫలానా చోటికే తగిలించవచ్చు. స్లైడ్ మీద కుండ నీడ దగ్గర గుర్తు పెట్టి ‘వెలుగు ఎడమ నుంచి వస్తుంటే నీడ కూడా ఎడమకే పడిందేం?’ అని అడగవచ్చు. నలుగురిలో నోరు విప్పని పిల్ల ఇంటి దగ్గర కూర్చుని తీరిగ్గా రెండు వాక్యాలు రాయవచ్చు. రాసింది ముందు టీచరు చూసి అనుమతిస్తేనే గోడ మీద కనబడేలా ప్యాడ్‌లెట్‌లో ఏర్పాటు ఉంది. హైస్కూలు వయసులో ఒక వెటకారపు మాట చాలు, పిల్ల జన్మలో మళ్లీ పెన్సిల్ పట్టదు. టీచర్లు ఆ ఏర్పాటును తప్పకుండా వాడాలి.

పాత ప్రయత్నాలన్నీ ఒకచోట మిగలడం ఇంకో లాభం. అమెరికాలో కాలేజ్ బోర్డ్ నడిపే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఆర్ట్ కోర్సుకు రాతపరీక్ష లేదు. ఒకే ప్రశ్న చుట్టూ ఏడాదంతా చేసిన పనిని 15 డిజిటల్ చిత్రాల్లో పంపాలి, అందులో ప్రయత్నాలు, మార్పులు కూడా కనబడాలి. మార్కుల్లో 60 శాతం దానికే. ఎంచుకున్న 5 చిత్రాలకు మిగతా 40 శాతం. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో చదివే తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. చెరిపేసిన గీతకు కూడా అక్కడ విలువ ఉంది.

ఫొటో తీయడం దగ్గర చాలామంది బోల్తా పడతారు. ట్యూబ్‌లైటు కింద తీస్తే తెల్ల కాగితం నీలంగానో పచ్చగానో మారుతుంది, పసుపు చచ్చిపోతుంది. పగటిపూట కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట కాగితాన్ని పరిచి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని తీయాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి కుంచె జాడలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఇక ఆన్‌లైన్ తెచ్చిన పెద్ద వరం మ్యూజియాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2012లో లక్షా పాతిక వేల కళాఖండాల చిత్రాలను ఎవరైనా దింపుకుని, తమ సొంత సేకరణగా అమర్చుకునేలా తెరిచిపెట్టింది. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 చిత్రాలను ఏ హక్కులూ అట్టిపెట్టుకోకుండా వదిలింది. రెంబ్రాంట్ 1642లో వేసిన ‘ది నైట్ వాచ్’కు రైక్స్ మ్యూజియం 8,439 ఫొటోలు కలిపి 717 గిగాపిక్సెళ్ల చిత్రం తయారుచేసి 2022లో అందరికీ చూపించింది. అందులో పగిలిన రంగు పొరను, కుంచె లాగిన గాడిని చూడవచ్చు. మ్యూజియంలో తాడు అవతల నిలబడినవాడికి ఆ భాగ్యం లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే లాస్ ఏంజెలెస్‌లోని గెటీ మ్యూజియం, నెదర్లాండ్స్‌లో మొదలైన ఒక ఇన్‌స్టాగ్రామ్ ఆటను అందిపుచ్చుకుని, ఇంట్లో ఉన్న వస్తువులతో ప్రసిద్ధ చిత్రాలను మళ్లీ కట్టి ఫొటో తీయమని జనాన్ని పిలిచింది. దుప్పట్లు, తువ్వాళ్లు, కూరగాయలతో వేలమంది స్పందించారు. బడులు మూతపడి రంగులు కూడా అందని రోజుల్లో ఆర్ట్ టీచర్లకు అది పెద్ద ఆసరా అయింది. తెలుగువారికీ ఇలాంటిది కొత్త కాదు. అదే ఏడాది క్యాలెండర్ కోసం ఫొటోగ్రాఫర్ జి. వెంకట్‌రామ్ సమంత, రమ్యకృష్ణ వంటి తారలను రవివర్మ చిత్రాల్లోని స్త్రీలుగా చూపించాడు.

మన పిల్లలకు ఇంతకంటే దగ్గరి పని ఒకటుంది. అమరావతి మహాస్తూపం శిల్పాలు ఒకచోట లేవు. వందకు పైగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చాలా భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. గుంటూరు పిల్లలు బస్సెక్కి అమరావతి వెళ్లి ఫొటోలు తీసుకురాగలరు, లండన్ శిల్పాలను బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్‌లో చూడగలరు. తొమ్మిదో తరగతి క్లాసు ఒకే ఆన్‌లైన్ పలక తెరిచి, మధ్యలో స్తూపం రూపురేఖ గీసి, ఏ పలకరాయి ఎక్కడ ఉండేదో వెతికి చేరుస్తూ, ఒక్కొక్కరు ఒక్కో శిల్పాన్ని చేత్తో గీసి పక్కన పెడితే ఎలా ఉంటుంది? శిల్పం నకలు తీస్తున్నప్పుడే ఆ నడుం వంపు, గుంపులో వెనక తొంగిచూసే ముఖం కంటికి ఆనతాయి. చరిత్ర టీచరూ డ్రాయింగ్ టీచరూ కలిసి చేయించదగ్గ పని ఇది. కేంద్ర సాంస్కృతిక శాఖ ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లో నాగార్జునకొండ, సాలార్‌జంగ్ సేకరణలు కూడా దొరుకుతాయి.

మన విధానాల్లోనూ దీనికి చోటు ఉంది. జాతీయ విద్యా విధానం 2020 కళలతో కలిపి పాఠాలు చెప్పమంది. సీబీఎస్‌ఈ 1 నుంచి 10వ తరగతి దాకా కళతో ముడిపెట్టిన ప్రాజెక్టును తప్పనిసరి చేసి, అందులో కేంద్రం మన రాష్ట్రానికి జతగా కలిపిన రాష్ట్రం కళలను తీసుకోమంది. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ అనే ఆ జతల కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్‌కు జత పంజాబ్, తెలంగాణకు జత హర్యానా. ఇప్పుడు చాలాచోట్ల ఆ ప్రాజెక్టు నెట్‌లో దొరికిన పంజాబ్ ఫుల్కారీ కుట్టుపని ఫొటోను చార్టుకు అంటించడంతో ముగుస్తోంది, అంటించేది చాలా ఇళ్లలో అమ్మ. దానికి బదులు శ్రీకాళహస్తి దగ్గరి బడి పిల్లలు కలంకారీ అంచు సగం గీసి, మిగతా సగం పటియాలా పిల్లలకు ఫుల్కారీ తీరులో పూర్తిచేయమని వదిలితే ఆ రెండు రాష్ట్రాలు నిజంగా జత కడతాయి.

‘మా ఊళ్లో నెట్టే లేదు, ఇవన్నీ ఎక్కడ?’ అనే ప్రశ్న న్యాయమైనదే. కేంద్ర విద్యాశాఖ 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 63.5 శాతం. అంటే మూడో వంతుకు పైగా బడుల్లో ఇప్పటికీ లేదు. మరోపక్క ‘అసర్ 2024’ అనే విద్యా సర్వేలో గ్రామాల్లో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాళ్లలో అంతకుముందు వారంలో దాన్ని చదువుకు వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఫోన్ ఎలాగూ చేతిలో ఉంది, దానితో చేసే పని మారాలి. పైన చెప్పిన వాటిలో చాలావరకు టీచరు ఫోను, క్లాసులో ఒక పెద్ద తెర ఉంటే జరుగుతాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చింది. అలాంటివాటిలో వీడియో పాఠాలతోపాటు బొమ్మలకూ చోటు దొరకాలి.

జాగ్రత్తలు లేకపోలేదు. గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ పలకను ఎన్నో బడులు అలవాటు చేసుకున్నాక 2024 డిసెంబరు 31తో ఆ కంపెనీ దాన్ని మూసేసింది. పిల్లలు వీడియోలతో మాట్లాడుకునే, మైక్రోసాఫ్ట్ కొన్న ఫ్లిప్‌గ్రిడ్ కూడా అదే ఏడాది విడి యాప్‌గా కనుమరుగైంది. పిల్లల పని ఏ ఒక్క కంపెనీ గోడ మీదో వదిలేయకుండా నెలకోసారి దింపి బడి కంప్యూటర్‌లో దాచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. కాబట్టి బొమ్మ పక్కన పూర్తి పేరు, ముఖం, ఊరు పెట్టకూడదు. బొమ్మలు పెట్టిన పేజీ లంకె క్లాసు దాటి బయటకు పోకుండా చూడాలి. నెట్‌లో దొరికిన ప్రతి బొమ్మా మనది కాదని, గీసినవారి పేరు చెప్పాలని పిల్లలకు నేర్పడానికి కూడా ఇదే సమయం.

హైస్కూలు పిల్లల అవసరాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో, మొదట్లో చెప్పిన పనిముట్లలో ఒకటైన కాన్వా కథ చెబుతుంది. ఆస్ట్రేలియాలో మెలనీ పెర్కిన్స్ యూనివర్సిటీలో చదువుతూ తోటివారికి డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పేది. అవి ఎంత కష్టంగా ఉన్నాయో చూసి 2007లో హైస్కూళ్ల వార్షిక సంచికలను పిల్లలు, టీచర్లు ఆన్‌లైన్‌లో కలిసి రూపొందించుకునే ఏర్పాటు చేసింది. కాన్వా దానిలోంచే పుట్టింది, ఇవాళ బడులకు ఉచితంగా ఇస్తున్నారు.

మన బడుల్లో ముందుగా కావలసింది యాప్ కాదు, పీరియడ్. టైమ్‌టేబుల్‌లో డ్రాయింగ్ అని రాసి ఉన్నా పదో తరగతి రాగానే ఆ గంట లెక్కల స్లిప్ టెస్టుకు పోతోంది. డ్రాయింగ్ మాస్టారు ఇన్విజిలేషన్‌కూ, పంద్రాగస్టు రంగు కాగితాలకూ పరిమితమవుతున్నారు. ప్రధానోపాధ్యాయులకు విన్నపం ఒక్కటే. ఆ గంటను ఆయనకు తిరిగి ఇవ్వండి. దాంతోపాటు వారానికి ఒకసారి కంప్యూటర్ గది తాళం కూడా ఇవ్వండి.